పసిబిడ్డ మీద ఆదాము పాపం ఉన్నట్టా, లేనట్టా?

హన్మకొండ_విశ్వాసి:
అందరికీ వందనాలు. మా దిక్కు పెళ్లి సంబంధం కుదిరితే ఈ లొల్లి వస్తనే ఉంటది. అమ్మాయిది ఆర్‌సీఎం (రోమన్ కథోలిక), నెలల పిల్లప్పుడే జ్ఞానస్నానం (బాప్తిస్మం) అయిపోయింది. అబ్బాయిది బాప్టిస్ట్ సంఘం, మళ్ల ముంచాలె అంటది. నా మాట సూటిగ చెప్త. పసిబిడ్డ మీద శిక్ష పడే దోషమే లేదు. యెహెజ్కేలు 18:20 చూడండి, తండ్రి దోషం కొడుకు మొయ్యడు. మార్కు 16:16ల ముందు నమ్ముడు, తర్వాత బాప్తిస్మం. నమ్మలేని బిడ్డ మీద నీళ్లు పోస్తే కడిగేది ఏంది?

ఫాతిమానగర్:
అన్నా, మేం కథోలికులం చెప్పని మాటను మీరు ఖండిస్తున్నరు. జన్మపాపం వేరు, కర్మపాపం (మనిషి తానే చేసిన పాపం) వేరు. మా బోధల పుస్తకం కథోలిక సత్యోపదేశం 404, 405 పేరాలు చూడండి: జన్మపాపం బిడ్డ చేసిన పని కాదు, పుట్టిన స్థితి. వ్యక్తిగత దోషం అందులో లేదు. ఆదాముకు దేవుడిచ్చిన పవిత్రత మనకు అందకుండా పోవడమే అది. తాత పట్టా భూమి పోగొట్టుకుంటే మనవడికి జైలు పడదు, కానీ భూమి ఉండదు. యెహెజ్కేలు మాట్లాడేది కర్మపాపం గురించి. తండ్రులు పుల్లటి ద్రాక్ష తింటే పిల్లల పళ్లు పులిశాయని సామెత చెప్పుకుంటూ తమ తప్పు దాచుకునేవాళ్లకు ఆ జవాబు (18:2).

మరి రోమా 5:14 సంగతేంటి? ఆదాములాగా అతిక్రమం చేయనివాళ్ల మీద కూడా మరణం ఏలింది అంటాడు పౌలు. పసిబిడ్డలూ చనిపోతున్నారు కదా. ఆదాము ఒక్కడిలో అందరూ పడ్డారన్నది కాదంటే, క్రీస్తు ఒక్కడిలో అందరికీ విమోచన అన్నది దేని మీద నిలబడుతుంది? 5:19లో రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

కరీంనగర్_సీఎస్‌ఐ:
ఇద్దరి మాటకూ మధ్యలో ఇంకో మాట ఉంది. మా దగ్గర సంఘాలు నాటింది మెథడిస్టు మిషన్, 1947లో సీఎస్‌ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిశాయి. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1776లో ఒక ఉత్తరంలో తేల్చి చెప్పాడు: ఆదాము దోషం క్రీస్తు నీతి వల్ల బిడ్డ పుట్టగానే కొట్టివేయబడుతుంది, దాని కోసం ఏ బిడ్డా నరకానికి పోదు. మిగిలేది చెడిన స్వభావం. అయినా మేం పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తాం, నిబంధన గుర్తుగా. ఎనిమిదో రోజు సున్నతి ఉన్న చోట ఇప్పుడు బాప్తిస్మం ఉంది (కొలస్సీ 2:11–12). ఎదిగాక కన్ఫర్మేషన్‌లో తన నోటితో ఒప్పుకోవాలి. మా సంఘాల్లో అసలు లోటు ఇక్కడే: కన్ఫర్మేషన్ క్లాసులను ఫొటోల పండుగకు ముందు తంతులా ముగిస్తే, పసితనపు బాప్తిస్మం సగంలోనే ఆగిపోతుంది.

హన్మకొండ_విశ్వాసి:
పట్టా భూమి మాట ఒప్పుకుంట. చెడిన స్వభావం మేమూ కాదనం. కానీ రోమా 5:17 గూడ చదవండి: కృపను పొందేవాళ్లే జీవంల ఏలుతరు. ఆదాముది అడగకుండ వచ్చింది, క్రీస్తుది చేయి చాపి తీసుకోవాలె. ఇంకోటి, బాప్తిస్మం లేని బిడ్డలకు తేలికపాటి శిక్షే అయినా ఉంటదని తొలినాళ్ల సంఘ గురువు అగస్టీన్ రాసిండు. 418ల కార్తేజి సభ, ఆదాము పాపం పిల్లలకు రాదన్న పెలాగియస్ బోధను ఖండించి, పసిబిడ్డలకు పాప క్షమాపణ కోసమే బాప్తిస్మం అన్నది. 2007ల వాటికన్ వేదాంత కమిషన్ అట్లాంటి బిడ్డలకు రక్షణ ఉంటదని ఆశించొచ్చు అన్నది. మరి తొందర ఎందుకు?

ఫాతిమానగర్:
ఆ ఆశ అవకాశం దొరకని బిడ్డ కోసం. వాయిదా వేసే తల్లిదండ్రుల కోసం కాదు. అందుకే మా సభ చట్టంలో 867వ నియమం పుట్టిన మొదటి వారాల్లోనే అంటుంది, ప్రాణాపాయం ఉంటే వెంటనే. ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూ) బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే గురువు (ఫాదర్) కోసం ఆగనక్కర్లేదు. ఎవరైనా ఇవ్వచ్చు, క్రైస్తవేతర నర్సు అయినా సరే, శ్రీసభ (కథోలిక సంఘం) చేసేదే చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలు. మామూలు నీళ్లు తల మీద పారాలి. పోస్తూనే, పోసేవాళ్లే అనాలి: "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను." ఒకరు పోసి ఇంకొకరు మాటలు చెబితే చెల్లదు. తడి వేలితో జుట్టు తాకితే నీళ్లు పారినట్టు కాదు. "నేను" బదులు "మేము" అన్నా చెల్లదని 2020 ఆగస్టులో రోము తేల్చింది.

పెళ్లి సంగతికి వస్తే, నీళ్లతో త్రిత్వ నామాన జరిగిన సీఎస్‌ఐ, బాప్టిస్ట్ బాప్తిస్మాన్ని మేం మళ్లీ ఇవ్వం. "యేసు నామమున" అని మాత్రమే ఇచ్చింది అయితే ఒప్పుకోం. అందుకే సంబంధం ఖాయమయ్యేలోపే రిజిస్టరు నకలు అడగండి.

కరీంనగర్_సీఎస్‌ఐ:
నకలు మీకు సరిపోతుంది, బాప్టిస్ట్ సంఘానికి సరిపోదు. వాళ్ల అభ్యంతరం నీళ్ల మీద కాదు, ఆ రోజు బిడ్డకు సొంత విశ్వాసం లేదన్న దాని మీద. హన్మకొండ అన్నా, ఒక్కటి చెప్పండి. తీవ్రమైన మేధో వైకల్యంతో పుట్టిన బిడ్డ ముప్పై ఏళ్లకైనా ఒప్పుకోలు చెప్పలేడు. ఆయన సంగతేంటి?

హన్మకొండ_విశ్వాసి:
ముంచం. ముంచకున్నా ఆయన క్రీస్తు కృపలనే ఉంటడు.

ఫాతిమానగర్:
అట్లయితే చేయి చాపకుండానే కృప చేరుతుందని మీరే ఒప్పుకున్నారు. నెలల పిల్లకు చేరదని ఏ వాక్యంతో అంటారు?

హన్మకొండ_విశ్వాసి:
చేరదని నేను అనలే అన్నా. చేరుతదనే అంటున్న. చేరినందుకే ఆ పిల్లకు నీళ్లతోని తొందర లేదు, తన నోటితో ఒప్పుకునే దినం దాక ఆగొచ్చు అంటున్న.