‘దీనునిన్’ అన్నది ఏనుగా, ఇంద్రద్యుమ్నుడా?

నల్లగొండ సభ్యుడు:
పోతన గజేంద్రమోక్షంలోని ‘లావొక్కింతయు లేదు’ శార్దూలం మూడో పాదాన్ని ఒక మిత్రుడు ‘మన్నింపందగున్ దీనమున్’ అని ముగించారు; నేను విన్నదీ చదివినదీ ‘దీనునిన్’. మొదటిది ‘దీనమైన దానిని’, రెండోది ‘దీనుడైన వాణ్ణి’. అగస్త్యుని శాపంతో ఏనుగైన రాజు ఇంద్రద్యుమ్నునిలో తాను మనిషిననే ఎరుక మిగిలిందా లేదా అన్నది ఈ ఒక్క మాట తేలుస్తుందని నాకు అనిపిస్తున్నది. పెద్దలు చెప్పగలరు.

వనపర్తి సభ్యురాలు:
‘దీనునిన్’ అనేదే పాఠం. రెండు మాటలూ గురువు, లఘువు, గురువే; యతి ‘న్నిం’ దగ్గరే చెల్లిపోయింది, ప్రాసకు అక్కడ పని లేదు. ఛందస్సు నిర్బంధించని చోట కవి మహద్వాచకాన్ని, అంటే పురుషుని తెలిపే రూపాన్ని, ఎంచుకున్నాడంటే అది బుద్ధిపూర్వకంగా చేసిన పనే. సంస్కృత మూలంలోనూ గజేంద్రుడు జపించినది ‘ప్రాగ్జన్మన్యనుశిక్షితమ్’, వెనుకటి జన్మలో నేర్చినది, అనే కదా ఉన్నది. తొండమూ దంతాలూ వచ్చినా నేర్చిన చదువు పోలేదు.

దేవరకొండ సభ్యుడు:
మేడం గారూ, అంతకు ముందే వచ్చే ‘నానానేకపయూథముల్’ పద్యాన్ని మీరు పక్కన పెట్టారు. అందులో అతడు తలచుకున్నదంతా అడవి, చందన వృక్షాల నీడ, ఆడ ఏనుగులు. ఏలిన ద్రవిడ దేశం గురించి ఒక్క మాటైనా లేదు. అయినా ‘కరిణీనాథుండనై’ అనే అన్నాడు. పూర్తిగా ఏనుగుగా ఆలోచిస్తున్నప్పుడూ ‘డు’తో ముగిసే పురుషరూపమైన డుమంతమే వచ్చిందంటే, ‘దీనునిన్’ మానవ స్పృహకు సాక్ష్యం కాజాలదు. మా వైపు రైతులు ఇంట్లో పుట్టి పెరిగిన కోడెను ‘వాడు’ అనే పిలుస్తారు.

వనపర్తి సభ్యురాలు:
‘నాథుడు’ విశేష్యం, దానికి వేరే దారి లేదు. ‘దీన’ విశేషణానికి రెండు దారులున్నాయి గనుకనే ఎంపిక అంటున్నాను. జ్ఞాపకం పోయిందని మీరన్నట్టే ఒప్పుకుందాం. జర్మన్ భాషలో రాసిన కాఫ్కా 1915లో ప్రచురించిన కథలో పురుగైన అన్న లోపల మనిషిగానే ఆలోచిస్తుంటాడు. చెల్లెలే చివరికి అన్న పేరు పలకనంటూ, జర్మన్ నపుంసక సర్వనామంతో ‘దాన్ని’ వదిలించుకోవాలంటుంది. అక్కడ మనసు నిలిచి సర్వనామం పోయింది; ఇక్కడ జ్ఞాపకం పోయినా విభక్తి నిలిచింది. పోగొట్టుకున్నదేమిటో తెలియకుండానే మనిషి భాషలో మొరపెట్టుకుంటున్న గజేంద్రుడే నన్ను ఎక్కువగా కలవరపెడతాడు.

గద్వాల సభ్యుడు:
మనిషితనం పోవడమంటే నన్నయ ఆదిపర్వంలోని కల్మాషపాదుడనే రాజుది. రాక్షసుడై వసిష్ఠుని కొడుకు శక్తినే తిన్నాడు. ఇక గజేంద్రుని సంగతిలో మీరిద్దరూ మొసలి గురించి అతడే అన్న ‘ఏ రూపంబున దీని గెల్తు’ వైపు చూడలేదు. ‘కరి దిగుచు మకరి సరసికి’ అన్నప్పుడు కవి రెంటినీ ఒకే వరుసలో నిలిపాడు. ఏనుగు నోరు విప్పగానే మొసలి ‘ఇది’ అయింది, తాను ‘దీనుడు’ అయ్యాడు. ఆ మొసలి కూడా దేవలుని శాపం తగిలిన హూహూ గంధర్వుడే. శాపగ్రస్తుడు తోటి శాపగ్రస్తుణ్ణి గుర్తించలేకపోయాడు, అయినా తనను మాత్రం మహత్తుగా చెప్పుకున్నాడు. ఆ రాజసం ఇంద్రద్యుమ్నునిదే అని నా నమ్మకం.

దేవరకొండ సభ్యుడు:
సార్, మకరి అమహత్తు, అంటే పురుషవాచకం కాదు గనుక ‘దీని’ అనడం వ్యాకరణమే, అందులో రాజసం వెదకనక్కర లేదు. అక్కడ ‘వీని’ అన్నా ఛందస్సు చెడదు. అలాంటి పాఠం ఏ ప్రతిలోనైనా ఉంటే ముందు చూపండి, ఆ తరువాత హూహూ గురించి మాట్లాడుకుందాం.