అప్‌డేట్: కొండారెడ్డి బురుజు దగ్గర చూసిన రాకెట్ కిట్ కొన్నాం

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గరి ఒక దుకాణం అద్దాల వెనుక సాటర్న్ ఫైవ్ (అపోలో వ్యోమగాములను చంద్రుడి వైపు మోసుకెళ్లిన అమెరికా రాకెట్) మోడల్ కిట్ చూశానని, 11 ఏళ్ల మా అమ్మాయికి అది కష్టమవుతుందా అని పోయిన నెల అడిగాను. కొన్నాం. కష్టమే, అయినా పూర్తి చేసింది.

స్కేలు చూసుకోండి అని మీలో ఒకరు హెచ్చరించారు. 1:144, అంటే అసలు దానిలో 144వ వంతు, కాబట్టి చిన్న బొమ్మే అనుకున్నాను. అసలు రాకెట్ ఎత్తు 110 మీటర్ల పైమాటే కాబట్టి మోడల్ దాదాపు 77 సెంటీమీటర్లు వచ్చింది! పుస్తకాల అలమరలో పట్టక బీరువా మీదికి చేరింది.

సూపర్ గ్లూ వద్దన్న సలహా మాకు చాలా మేలు చేసింది. ప్లాస్టిక్ సిమెంటు అంచులను కాస్త కరిగించి ఒకటిగా కలిపేస్తుంది, తెల్లటి మరక ఉండదు. కిటికీలు తెరిచి అంటించే పని నేనే చేశాను. నీళ్లలో నానబెట్టి అతికించే అక్షరాల్లో రెండు చిరిగాయి.

మూడో దశ పైనున్న కవచంలో చంద్రుడిపై దిగే వాహనం దాగి ఉంటుందని తెలిసి మా అమ్మాయి ఎంత సంబరపడిందో! వెంటనే, “మరి చంద్రయాన్-3ను మోసిన మన రాకెట్ ఎంత ఉంటుంది నాన్నా?” అంది. ఎల్‌వీఎం3 ఎత్తు 43.5 మీటర్లు, అంటే ఇదే స్కేలులో 30 సెంటీమీటర్లు. దానికి కిట్ దొరకలేదు. అట్ట చుట్టి 2.8 సెంటీమీటర్ల గొట్టం ఒకటి, పక్కన బూస్టర్లకు 2.2 సెంటీమీటర్లవి రెండు చేసింది. ఇప్పుడు ముక్కు భాగం గుండ్రంగా తేవడానికి తంటాలు పడుతోంది. దానికి ఏ అట్ట మంచిదో తెలిసినవారు చెప్పండి.