బలవంతపు రాజీనామా: సంతకం పెట్టాక ఇంకేమైనా మిగులుతుందా?

మాదాపూర్_మైనా
ఐటీలో ఇప్పుడు ఎవర్నీ "తీసెయ్యడం" లేదు. మీటింగ్ రూంలోకి పిలిచి, ల్యాప్‌టాప్ లాక్కుని, "నువ్వే పేపర్లు పెట్టు, లేదంటే టర్మినేట్ చేసి లెటర్లో అదే రాస్తాం" అంటున్నారు. అలా రాయించుకున్న రాజీనామా చట్టం ముందు నిలుస్తుందా?

హెచ్ఆర్_బాబాయ్
నిలుస్తుంది. చదువుకున్నవాడు, ఒళ్లు తెలిసి పెట్టిన సంతకం. పైగా జీతం 18 వేలు దాటితే కార్మిక చట్టం వర్తించదు. రెండు నెలల బేసిక్ ఇస్తామంటే తీసుకుని, మంచి రిలీవింగ్ లెటర్‌తో బయటపడటం మేలు.

సెక్షన్_సుబ్బయ్య
బాబాయ్ గారూ, ఆ 18 వేల పరిమితి సూపర్‌వైజర్లకు మాత్రమే. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ చదవండి. సాంకేతిక పని చేసేవాడికి జీతం మీద పరిమితి లేదు. బయట ఉండేది మేనేజర్లు, అడ్మినిస్ట్రేషన్ వాళ్లు, 18 వేలు దాటిన సూపర్‌వైజర్లు.

ఇక సంతకం సంగతి. 1872 కాంట్రాక్టు చట్టంలో 14 నుంచి 19ఎ దాకా సెక్షన్లు చూడండి. బెదిరింపుతోనో, పైచేయి వాడుకునో తీసుకున్న సమ్మతిని రద్దు చేయించుకోవచ్చు. రాజీనామా స్వచ్ఛందం కాదని తేలితే అది యాజమాన్యం తొలగించినట్టే. అప్పుడు ఏడాది సర్వీసు ఉన్న కార్మికుడికి నెల నోటీసు లేదా నెల వేతనం, ఏడాదికి 15 రోజుల వేతనం పరిహారం రావాలి. కోడ్ లెక్కలో వేతనం 60 వేలు, ఆరేళ్ల సర్వీసు అనుకుందాం: పరిహారం లక్షా 80 వేలు, నోటీసుకు 60 వేలు, తీసేసిన కార్మికులు కొత్త పని నేర్చుకోడానికి పెట్టిన నైపుణ్య నిధి నుంచి ఇంకో 30 వేలు. మీ రెండు నెలల బేసిక్ దీని పక్కన పెట్టి చూడండి.

హెచ్ఆర్_బాబాయ్
"తేలితే" అన్నారే, అక్కడే ఉంది అంతా. బలవంతం జరిగిందని చూపించాల్సింది ఉద్యోగి. రూంలో ముగ్గురు హెచ్ఆర్ వాళ్లు, ఇతనొక్కడు. మెయిల్లో "వ్యక్తిగత కారణాల వల్ల" అని ఇతనే రాశాడు. జడ్జి ఏది నమ్ముతారు? అయినా టీమ్ లీడ్ అంటే సూపర్‌వైజరే కదా, 18 వేలు దాటింది కదా?

కోకాపేట_కోడర్
మళ్లీ 18 వేలా! 😀

సెక్షన్_సుబ్బయ్య
హోదా పేరు చూడరు, ప్రధానంగా చేసే పని చూస్తారు. సుప్రీంకోర్టు 1985లో సీబా గైగీ కేసులోనే చెప్పింది. "లీడ్" అని పిలిపించుకుంటూ రోజంతా కోడ్ రాసేవాడు సూపర్‌వైజర్ కాడు. సెలవులు మంజూరు చేస్తూ, అప్రైజల్ రేటింగులు వేస్తూ ఉంటే అది వేరే సంగతి. చెన్నైలో టీసీఎస్ 2015లో తొలగించిన ఉద్యోగి మేనేజర్ స్థాయి అని కంపెనీ వాదించినా, 2022లో లేబర్ కోర్టు తిరిగి తీసుకోమంది.

హెచ్ఆర్_బాబాయ్
అది టర్మినేషన్ కేసు. రాజీనామా కేసు కాదు. ఏడేళ్లు పట్టింది కూడా. ఆ ఏడేళ్లు ఈఎంఐ మీరు కడతారా?

మాదాపూర్_మైనా
గొడవ తర్వాత, ముందు సాక్ష్యం సంగతి చెప్పండి.

సెక్షన్_సుబ్బయ్య
అదే రోజు, సొంత మెయిల్ ఐడీ నుంచి హెచ్ఆర్‌కు రాయాలి: ఎన్ని గంటలకు పిలిచారు, ఎవరున్నారు, ఏ మాటలన్నారు, రాజీనామా ఉపసంహరించుకుంటున్నాను. అది అమల్లోకి వచ్చే తేదీలోపు వెనక్కి తీసుకోవచ్చని 1978లో గోపాల్ చంద్ర మిశ్రా కేసులో తేలింది. అందుకే తెలివైన కంపెనీలు ఆ క్షణమే రిలీవ్ చేస్తాయి. అలా చేసినా మెయిల్ పంపండి. నెల తర్వాత రాసినదాన్ని "తర్వాత పుట్టిన ఆలోచన" అని కొట్టేస్తారు.

ఫోన్లో రికార్డు చేస్తే ఒరిజినల్ ఫైల్ చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు సంతకం చేయాలి, హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. వాట్సాప్ స్క్రీన్‌షాట్ ఒక్కటే పట్టుకెళ్తే ఆగిపోతుంది. క్లయింటు ఫైళ్లు మాత్రం జీమెయిల్‌కు పంపుకోకండి. దుష్ప్రవర్తన కింద తీసెయ్యడానికి మీరే కాగితం ఇచ్చినట్టు.

ఆ తర్వాత కార్మిక శాఖలో రాజీ కుదిర్చే అధికారికి (కన్సిలియేషన్ ఆఫీసర్) దరఖాస్తు. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. పాత చట్టంలో మూడేళ్ల గడువుండేది, కోడ్‌లో రెండేళ్లే.

కోకాపేట_కోడర్
ఫుల్ అండ్ ఫైనల్ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే ఆఖరి లెక్క) డబ్బులు తీసుకోవచ్చా?

సెక్షన్_సుబ్బయ్య
జీతం బకాయి, గ్రాట్యుటీ ఎలాగూ మీవే. వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా రెండు పనిదినాల్లో వేతనం చెల్లించాలి. ప్రమాదమంతా "ఇక ఏ క్లెయిమూ లేదు" అనే కాగితంలో, ఎక్‌స్‌గ్రేషియాలో (కంపెనీ తనంతట తాను ఇచ్చే అదనపు సొమ్ములో) ఉంది. వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) సొమ్ము పుచ్చుకున్నవాళ్లు వెనక్కి రాలేరని 2002లో స్వర్ణాకర్ కేసులో సుప్రీంకోర్టు అంది. కంపెనీలు దాన్నే చూపిస్తాయి.

హెచ్ఆర్_బాబాయ్
మేనేజర్ అయితే ఏమిటి గతి? అది చెప్పరు. సివిల్ కోర్టుకెళ్లాలి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 14 ప్రకారం ప్రైవేటు ఉద్యోగం తిరిగి ఇప్పించరు. మహా అయితే నోటీసు కాలం జీతం. దానికోసం కోర్టు ఫీజు, లాయరు ఫీజు. లేబర్ ఆఫీసు మెట్లెక్కాడని తెలిస్తే తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో ఏమవుతుందో నాకు తెలుసు. మీలాంటి వాళ్లు కుర్రాళ్లను రెచ్చగొట్టి పోతారు.

సెక్షన్_సుబ్బయ్య
మేనేజర్ల గురించి మీరన్నది నిజం, కాదనను. రెచ్చగొట్టడం అంటే ఒప్పుకోను. రెండొందల మంది చేత విడివిడిగా రాజీనామాలు రాయిస్తే ప్రభుత్వానికి రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది తొలగింపు) నోటీసు పోదు. చివర వచ్చినవాణ్ణి ముందు పంపాలనే నియమం పాటించారా అని అడిగేవాడుండడు. పరిహారం ఉండదు. "లేఆఫ్‌లు లేవు" అని కంపెనీ ప్రకటన ఇస్తుంది. మీరు చెప్పే "మంచి లెటర్" ధర అది.

హెచ్ఆర్_బాబాయ్
నేను ఎదురుగా కూర్చున్న ఒక్కడి తర్వాతి ఉద్యోగం గురించి మాట్లాడుతున్నా. మీరు కంపెనీకి పాఠం చెప్పాలనుకుంటున్నారు. ఆ పాఠానికి ఫీజు అతనెందుకు కట్టాలి?

సెక్షన్_సుబ్బయ్య
కట్టాలో వద్దో అతను తేల్చుకోవాలి. దానికి కనీసం ఒక రాత్రి టైం కావాలిగా? ఆ రూంలో ఇవ్వనిది అదే.

మాదాపూర్_మైనా
మా ఫ్రెండ్‌ను రేపు పదకొండింటికి రమ్మన్నారు. ఏం చెయ్యమంటారు?

సెక్షన్_సుబ్బయ్య
"చదివి రేపు చెప్తాను" అని లేచి రమ్మనండి. లెటర్ కాపీ అడగమనండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదని రూం బయటికొచ్చిన వెంటనే మెయిల్ పెట్టమనండి.

హెచ్ఆర్_బాబాయ్
పే స్లిప్పులు, ఆఫర్ లెటర్, తన అప్రైజల్ రేటింగులు ఈ రాత్రికే డౌన్‌లోడ్ చేసుకోమనండి. పదకొండున్నరకి లాగిన్ పోతుంది.