బెంగళూరు మేడ మీద ఎఫ్/2 వేగం దండగేనా?

జయనగర తార:
మూడేళ్లుగా మా జయనగరం మేడ మీదనుంచే నీహారికల ఫోటోలు తీస్తున్నాను. ఇప్పుడు సెలెస్ట్రాన్ రాసా 8 (ఎఫ్/2, నాభ్యంతరం 400 మి.మీ.), తకహాషి ఎప్సిలాన్ 130డి (ఎఫ్/3.3, 430 మి.మీ.), అదే సంస్థ ఎఫ్‌ఎస్‌క్యూ 106 (ఎఫ్/5, 530 మి.మీ.), ఈ మూడు దూరదర్శినులలో ఒకటి కొనదలిచాను. వానాకాలం పోగా మిగిలే రాత్రులు కొన్నే కనుక నా మొగ్గు రాసా వైపు ఉంది. ఎఫ్ సంఖ్య (నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చేది) తగ్గేకొద్దీ పిక్సెల్‌కు కాంతి వేగంగా చేరుతుంది కనుక ఎఫ్/5 కు ఆరు గంటలు పట్టే పని ఎఫ్/2 తో గంటలోపే ముగుస్తుంది కదా?

మేడమీద మనిషి:
నగరంలో ఆ వేగం దండగండీ. వీధిదీపాల వెలుగుకు ఎఫ్/2 లో ఫ్రేము కొద్ది సెకన్లలోనే తెల్లబడిపోతుంది.

పాత కటకం:
ఇద్దరి మాటలోనూ సగమే నిజముంది. ఫ్రేము త్వరగా నిండితే ఎక్స్‌పోజర్లు చిన్నవిగా, ఎక్కువగా తీయవలసి వస్తుంది, డిస్కు కూడా నిండుతుంది. అంతేగాని పోగైన కాంతి ఎక్కడికీ పోదు. అయితే ఆరు రెట్ల లెక్క ఒక్కొక్క పిక్సెల్‌కే వర్తిస్తుంది. 3.76 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరాతో రాసాలో ఒక పిక్సెల్ ఆకాశంలో 1.94 ఆర్క్‌సెకన్లను (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) చూస్తే, ఎఫ్‌ఎస్‌క్యూలో 1.46 నే చూస్తుంది, అంటే ఆ వేగంలో కొంత భాగానికి సూక్ష్మ వివరాలతో వెల చెల్లిస్తున్నామన్నమాట. 203 మి.మీ. దర్పణం ముందున్న అడ్డును తీసివేసి 106 మి.మీ. కటకంతో పోలిస్తే, ఒకే వస్తువునుంచి చేరే కాంతి దాదాపు మూడు రెట్లే.

జయనగర తార:
మూడు రెట్లయినా నాకు చాలు. నేను తీసేది హెచ్-ఆల్ఫా ఫిల్టర్‌తో (హైడ్రోజన్ ఎరుపు వెలుగును మాత్రమే వదిలేది) కాబట్టి వీధిదీపాల బాధ కూడా తగ్గుతుంది.

కృత్తిక:
చిక్కంతా ఆ ఫిల్టర్ దగ్గరే ఉందండీ. ఎఫ్/2 లో అంచు కిరణాలు దాదాపు 14 డిగ్రీల వాలుతో ఫిల్టర్‌ను తాకుతాయి, ఎఫ్/5 లో ఆ వాలు ఆరు డిగ్రీలకు మించదు. వాలు పెరిగేకొద్దీ ఫిల్టర్ వదిలే రంగుల పట్టీ నీలం వైపు జరుగుతుంది. పైగా రాసాలో నడుమ కిరణాలను కెమెరా అడ్డుకుంటుంది కనుక మిగిలేవన్నీ వాలు కిరణాలే. మూడు నానోమీటర్ల పట్టీనే వదిలే మామూలు ఫిల్టర్ పెడితే మీకు కావలసిన 656.3 నానోమీటర్ల వెలుగులో చాలాభాగం బయటే ఆగిపోతుంది, కాబట్టి వేగ దూరదర్శినులకని ముందే జరిపి చేసిన ఫిల్టర్లు విడిగా కొనాలి. ఫోకస్ లోతు (చిత్రం మసకబారకుండా కెమెరా జరగగల దూరం) కూడా ఎఫ్ సంఖ్య వర్గాన్ని బట్టి తగ్గుతుంది: ఎఫ్/5 లో సుమారు 67 మైక్రాన్లుంటే ఎఫ్/2 లో 11 మాత్రమే. నా ఎఫ్/2 గొట్టంలో స్పేసర్‌ను (కెమెరాను సరైన దూరంలో నిలిపే ఉంగరం) నేనే వంకరగా బిగించి, ఒక మూల చుక్కలన్నీ తోకచుక్కల్లా వచ్చాయని డిసెంబరు రాత్రంతా తల పట్టుకు కూర్చున్నాను.

పాత కటకం:
ఆ మాటకు చేర్పుగా ఇంకొకటి. రాసాలో కెమెరా ముందువైపునే ఉంటుంది కనుక ఫిల్టర్లను మార్చే చక్రం పెడితే అదే కాంతిని కప్పేస్తుంది. రంగుకొక ఫిల్టర్ మార్చవలసిన మోనో (నలుపు తెలుపు) కెమెరా మీ ఆలోచనలో ఉంటే ఎప్సిలాన్ నడిమార్గం, దర్పణాల కాలిమేషన్ (వాటిని ఒకే వరుసకు సర్దడం) ఓపికగా చేసుకోగలిగితేనే సుమా. ఎఫ్‌ఎస్‌క్యూకు ఆ తంటా లేదు, పూర్తి ఫ్రేము సెన్సర్‌కూ అంచులదాకా చుక్కలు గుండ్రంగా ఉంటాయి.

జయనగర తార:
నాది కలర్ కెమెరాయే, సెన్సర్ కూడా చిన్నదే. అందువల్ల రాసాయే తీసుకుంటాను, కాని పాత ఫిల్టర్‌ను అమ్మేసి వేగానికి తగినది ముందుగా తెప్పించుకుంటాను. కృత్తికగారూ, ఆ స్పేసర్‌ను సరిచేసిన పద్ధతి చెబుతారా?