ఆటోమేటిక్ కారులో మాన్యువల్ మోడ్ ఎప్పుడు వాడాలి?

ప్రశ్న (అమలాపురం): కొబ్బరికాయల లోడుతో వెళ్లే ట్రాక్టరు వెనుక కాలువ గట్టు ఎక్కేటప్పుడు మా ఏఎంటీ కారు (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తానే మార్చుకునేది) ఒకటో గేరుకూ రెండో గేరుకూ మధ్య ఊగిసలాడుతోంది. మాన్యువల్ మోడ్ వాడితే గేరుబాక్సు పాడవుతుందా?

జవాబు: పాడవదండి. గేరు రాడ్డును ‘ఎమ్’ వైపు జరిపి ఒకటిలోనే ఉంచితే బండి నిలకడగా ఎక్కుతుంది. ఇంజను మితిమీరి తిరిగేంతగా గేరు తగ్గించబోతే కంప్యూటరే ఒప్పుకోదు. గట్టు మీద ఆగితే మాత్రం బ్రేకే వేయండి, ఎందుకంటే యాక్సిలరేటరుతో నిలబెడితే క్లచ్ ప్లేటు కాలుతుంది (ఆ వాసన నాకు బాగా తెలుసు).

మరో జవాబు: మారేడుమిల్లి ఘాట్ రెండో గేరులో దిగి చూడండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది కనుక బ్రేకులు అంతగా వేడెక్కవు. రావులపాలెం హైవేపై ‘డి’ (మామూలు ఆటోమేటిక్ డ్రైవ్ మోడ్) చాలు.

అడిగినవారు: ఈ ఉదయం గట్టు ఎక్కానండి, మీటరులో ‘1’ కదలలేదు.