చెట్టు లోపలి నీళ్ళ మీద రీసెర్చ్ చేస్తే కెరీర్ ఉంటాదా? (తిరుపతి)

చంద్రగిరి_పిల్ల

అందరికీ నమస్తే. తిరుపతిలో ఎమ్మెస్సీ బోటనీ రెండో ఏడు చదవతా ఉండా. మాది చంద్రగిరి దగ్గర పల్లె, మా నాయనకి మామిడి తోట. ఎండాకాలం మా ఇంటి నుంచి చూస్తే కొండంతా మోడుగా ఉంటాది, ఆకు అంతా రాలిపోయి ఉంటాది, అయితే ఇంకా గట్టి వాన పడకముందే కొన్ని చెట్లు చిగురేస్తాయి. ఆ నీళ్ళు యాడివి? చిన్నప్పట్నుంచీ ఇదే అడగతా ఉండా, ఇప్పుడు చెట్ల ఫిజియాలజీలో (చెట్టు లోపల పనులు ఎట్ట జరుగుతాయో చెప్పే శాస్త్రం) పీహెచ్‌డీ చేయాలని గట్టిగా ఉండాది. ఇంట్లో మాత్రం బ్యాంకు కోచింగ్‌కి పొమ్మంటారు. ఈ పనిలో ఉండేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ బతుకు ఎట్ట ఉంటాదో కొంచెం చెప్పండి.

మద్దిచెట్టు

చెల్లీ, నేను పన్నెండేళ్ళుగా ఇదే పని చేస్తా ఉండా. నీ ప్రశ్న చిన్నది కాదు, దాని మీద జీవితమే పెట్టినోళ్ళు ఉన్నారు. రోల్ఫ్ బోర్షర్ట్ అని, కోస్టారికాలోని గ్వానకాస్తెలో మన కొండల మాదిరే ఆకు రాల్చే ఎండు అడవుల్లో చానా కాలం పనిచేసినాయన, 1994లో ఆయన రాసిన పేపర్ తప్పకుండా చదువు. ఆకు రాలిపోతే నీళ్ళు బయటికి పోయేది ఆగిపోతాది కదా, అప్పుడు కాండం మళ్ళీ నీళ్ళు నింపుకుంటాది, మెత్తని చెక్క ఉండే చెట్లు కాండంలోనే నీళ్ళు దాచుకుంటాయి కాబట్టి వాన లేకపోయినా పూత, చిగురు వేయగలవు. గట్టి చెక్క చెట్లకి లోపల దాచుకునే చోటు తక్కువ, అవి ఎండు నేలలో ఉంటే బాగా ఎండిపోయి వాన పడేదాకా కాచుకోవాల్సిందే, కింద లోతులో తేమ అందితే తప్ప. ఇప్పుడు ఎర్రచందనం సంగతి ఆలోచించు. దాని చేవ నీళ్ళలో మునిగేంత గట్టిది, పెరిగేదేమో రాతి నేలలో. దాని వేర్లు ఏ రాతి పగుల్లోంచి తెచ్చుకుంటా ఉండాయి? దీన్నే నువ్వు కొలవాల్సింది.

పని ఎట్ట ఉంటాదంటే, తెల్లారకముందే చెట్టు కాడ ఉండాలి. రాత్రంతా ఆకుల నుంచి నీళ్ళు పెద్దగా పోవు కాబట్టి ఆ టైముకి చెట్టు లోపల నీళ్ళని లాగే లాగుడు, వేర్ల కాడ మట్టి నీళ్ళని పట్టుకునే లాగుడు దాదాపు ఒకటే అవుతాయి. రెమ్మ కోసి స్టీలు డబ్బాలో పెట్టి, కోసిన కొస బయటికి ఉంచి, నైట్రోజన్ గ్యాస్ వదలతా పోతే ఒక చోట కొసన నీటి తడి కనిపిస్తాది, ఆ ప్రెజర్ ఎంతో రాసుకోవడమే, అదే చెట్టు లోపలి లాగుడికి కొలత. షోలాండర్ అనే శాస్త్రవేత్త, ఆయన టీం 1965లో చూపించిన పద్ధతి, ఇప్పటికీ అదే. కారు టైరులో గాలి ప్రెజర్ 2 బార్లు ఉంటే నడి వేసవిలో అడవి చెట్టులో 20, 30 కూడా చూస్తాం. నేను మొదటిసారి చూసినప్పుడు చేతులు వణికినాయి.

ఇంకోటి, నీళ్ళు ఎక్కేది చేవలో కాదు, చుట్టూ ఉండే తెల్లచెక్కలో. నేను మొదట్లో హీటు ప్రోబులు (కాండంలో నీళ్ళు పారేది వేడితో కొలిచే సూదులు) లోతుగా దించేసి ఒక సీజనంతా పోగొట్టుకున్నా. తెల్లచెక్క మందం ముందు కొలుచుకో.

నెట్_రాసినోడు

ఇంట్లో అడిగేది డబ్బు సంగతే కదా, అది చెప్తా. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) వేరే. కోయంబత్తూరులో అటవీ జన్యు సంస్థ, బెంగళూరులో వుడ్ సైన్స్ సంస్థ, డెహ్రాడూన్‌లో ఎఫ్‌ఆర్‌ఐ (అటవీ పరిశోధన సంస్థ) ఉన్నాయి, తిరుపతిలోనే ఐసర్ అనే సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ ఉంది. కాకపోతే పర్మనెంటు పోస్టుకి టైం పడతాది, దాచిపెట్టకుండా మీ నాయనకి ముందే చెప్పు. శేషాచలం కొండల్లో ఉండే శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు లోపల పనికి అటవీ శాఖ పర్మిషన్ కావాలి, ఎర్రచందనం కాబట్టి కొమ్మ కోసేదానికి కూడా రాతపూర్వకంగానే. అప్లికేషన్ మొదట్లోనే పెట్టేయ్.

మద్దిచెట్టు

అవును, పర్మిషన్ వచ్చేదాకా మీ క్యాంపస్‌లో ఉండే చెట్లకి నంబర్లు వేసి వారం వారం ఆకు, చిగురు, పూత రాసుకో. తమిళనాడులోని ముదుమలై అడవిలో ఎకాలజిస్టు సుకుమార్ గారి టీం 1988లో 50 హెక్టార్లలో 1 సెంటీమీటరు లావు దాటిన ప్రతి మొక్కకీ నంబరు వేసింది, అది ఇన్నేళ్ళు కొనసాగింది కాబట్టే ఏ కరువుకి ఏది చచ్చింది, ఏది తట్టుకుంది అని చెప్పగలుగుతున్నాం. ఒక్క ఏడు డేటాతో అది రాదు.

చంద్రగిరి_పిల్ల

అక్కా, చానా థాంక్స్. క్యాంపస్‌లో పన్నెండు ఎర్రచందనాలు లెక్కపెట్టినా, రేపే నంబర్లు వేస్తా. ఒక్క డౌటు, రెమ్మ కోసినాక ల్యాబుకి తెచ్చేదానికి అరగంట పడితే రీడింగ్ పాడవతాదా?

మద్దిచెట్టు

కోసే ముందే రెమ్మకి ప్లాస్టిక్ కవరు తొడుగు, కోసినాక అట్టనే కవర్లో, నీడలో ఉంచు. కానీ అరగంట వద్దు, డబ్బానే చెట్టు కాడికి తీసుకుపో.