డిప్రెషన్ మందులు: రెండో ఏడు పెరిగే బరువుకి కారణం మందేనా?

పోషకాహారం_గుంటూరు:
ఆహార సలహాకి వచ్చిన ఒకావిడ ఎత్తు 160 సెం.మీ. ఎసిటాలోప్రామ్ 10 మి.గ్రా. మొదలుపెట్టి 20 నెలలైంది. అప్పుడు 62 కిలోలు, ఏడాదికి 63, ఇప్పుడు 67. మందు వల్లే అయితే మొదట్లోనే పెరగాలి కదా? తిండి మారిస్తే చాలా, డాక్టరుకి రాయాలా?

సైకియాట్రీ_పీజీ:
మొదట్లోనే పెరగాలని లేదండీ. మిర్టాజపీన్, అమిట్రిప్టిలీన్ లాంటివి హిస్టమిన్ రిసెప్టర్లని అడ్డుకుంటాయి, అందుకే వారాల్లోనే ఆకలి పెరుగుతుంది. ఎసిటాలోప్రామ్ లాంటి ఎస్సెస్సారైలతో (మెదడులో సెరటోనిన్‌ని పెంచే మందులు) తొలి వారాల్లో వికారం, ఆకలి మందగించడం ఉండొచ్చు. బరువు నిదానంగా తర్వాత ఎక్కుతుంది. 2018లో బీఎంజే అనే వైద్య పత్రిక ప్రచురించిన బ్రిటన్ అధ్యయనంలో కూడా బరువు పెరిగే అవకాశం చికిత్స రెండో, మూడో సంవత్సరాల్లోనే ఎక్కువగా కనిపించింది. అయితే అది రికార్డుల ఆధారంగా చేసినది, మందే కారణమని తేల్చదు.

ముందు తెలుసుకోవలసింది జబ్బుకి ముందు ఆవిడ బరువు. అప్పుడు 66 ఉండి, దిగులుతో తిండి మానేసి 62కి దిగితే, ఇప్పుడు పెరిగింది చాలావరకు పోయిన బరువు తిరిగి రావడమే. ఎప్పుడూ 62 అయితే ఇది 8 శాతం పెరుగుదల. 7 శాతం దాటితే పట్టించుకోవాలన్నది వాడుకలో ఉన్న గీత. బీఎమ్ఐ (ఎత్తుకి తగ్గ బరువు సూచిక) కూడా 24 నుంచి 26 దాటింది. మనవాళ్ళకి 25 నుంచే ఊబకాయం కింద లెక్క.

మందుల_కౌంటర్:
చీటీలో మిగతా మందులు చూశారా? నిద్రకనో, ఆందోళనకనో తర్వాత కలిపిన ఒలాంజపీన్, క్వెటియాపీన్, వాల్‌ప్రోయేట్ ఎసిటాలోప్రామ్ కంటే ఎక్కువ పెంచుతాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), పరగడుపు లిపిడ్లు (రక్తంలో కొవ్వులు) కూడా అడగండి. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే బరువూ పెరుగుతుంది, దిగులూ పెరుగుతుంది.

నడుము కొలత చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక తీయాలి. ఆడవాళ్ళకి 80 సెం.మీ. దాటకూడదు. బరువు వారానికి ఒక్కసారి, లేచి మూత్రానికి వెళ్ళొచ్చాక, అదే తూకం మీద చూస్తే చాలు. రోజూ చూస్తే నీటి హెచ్చుతగ్గులకే కంగారు.

పోషకాహారం_గుంటూరు:
జబ్బుకి ముందూ 61, 62 మధ్యేనట. వేరే మందుల్లేవు. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార.

సైకియాట్రీ_పీజీ:
ఎనిమిది చెంచాలంటే దాదాపు 40 గ్రాములు, 160 క్యాలరీలు. అక్కడ మొదలుపెట్టండి, కానీ డాక్టరుకి తప్పకుండా రాయండి: పాత బరువు, నెలవారీ అంకెలు, నడుము, టీ లెక్క.

ఒకటి మాత్రం ఆవిడకి గట్టిగా చెప్పండి: బరువు కోసమని మాత్ర సొంతంగా ఆపకూడదు. తల తిరగడం, కరెంటు కొట్టినట్టు జలదరింపులు వస్తాయి, జబ్బు తిరగబెట్టొచ్చు. పరాక్సెటీన్, వెన్లాఫాక్సిన్‌లతో ఇది మరీ ఎక్కువ. మార్చాలంటే డాక్టరే మోతాదు మెల్లగా దించుతారు. బరువు పెంచనిదిగా బుప్రోపియాన్‌ పేరు వినిపిస్తుంది. కానీ ఫిట్స్ ఉన్నవాళ్ళకీ, అనొరెక్సియా (బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేయడం), బులీమియా (అతిగా తిని కక్కేయడం) ఉన్నవాళ్ళకీ అది ఇవ్వరు. అందుకని ఫిట్స్ గానీ, ఈ తిండి జబ్బులు గానీ ఎప్పుడైనా ఉన్నాయేమో అడిగి, జవాబు కూడా అదే కాగితం మీద రాయండి.